పడిన బండిని ఎవరు లేపాలి?

రోడ్డు లేని చోట మోటారు సైకిల్ నడిపేవాళ్ళ మధ్య ఎప్పటినుంచో ఒక తగువుంది. పెద్ద బండి మంచిదా, చిన్న బండి మంచిదా అని. పెద్ద బండి వాళ్ళు హైవే గురించి, మోసుకెళ్ళే సామాను గురించి, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజనుకుండే దమ్ము గురించి చెబుతారు. చిన్న బండి వాళ్ళు బురద గురించి, ఇసక గురించి, బరువు గురించి చెబుతారు. బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్ బరువు 237 కిలోలు. 2023 చివర్లో మన దేశంలో వచ్చిన కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 452 సీసీ, 196 కిలోలు. హీరో ఎక్స్‌పల్స్ 2019లో మొదటిసారి వచ్చినప్పుడు 200 సీసీ, 154 కిలోలు. ఈ అంకెల చుట్టూ మగవాళ్ళు గంటలు గంటలు వాదించుకోగలరు. కులాల గురించి వాదించుకున్నంత ఉద్రేకంగా కూడా.

మన పత్రికలో ఈ లెక్కలెందుకు అని మీకనిపించొచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. గుడివాడలో నాకొక స్నేహితురాలుంది. స్కూల్లో టీచరు. వయసు నలభై ఏడు. పిల్లలు చదువులకి వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళుగా స్కూటీ మీద బడికి వెళ్ళొస్తోంది. ఇప్పుడు తనకి బండి మీద తిరగాలనుంది. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన మీదుగా బందరు వెళ్ళి మంగినపూడి సముద్రం చూసి, అక్కణ్ణించి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి, కోడూరు కింద కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా. ఇంకోసారి నాగాయలంక వైపు వెళ్ళి పంటు మీద ఎదురుమొండి దీవికి. తారు రోడ్డు వదిలి కాలవ గట్ల మీద, చెరువు గట్ల మీద, ఉప్పుటేళ్ళ పక్కన. ఆ తర్వాత ధైర్యం కుదిరితే మన్యం కొండలకి. ఈ మాట ఇంట్లో చెబితే ముందు నవ్వారట. తర్వాత తమ్ముడు చాలా ప్రేమగా అన్నాడట: "నీకు చిన్నది చాలదా అక్కా?"

తను నాకు ఫోన్ చేసి అడిగింది బండి గురించి కాదు. "అక్కా, వాడు చెప్పింది నిజమే. ఆ గట్ల మీదకి చిన్నదే మంచిది, నాకూ తెలుసు. కానీ ఆ మాట వాడి నోట్లోంచి వచ్చేసరికి నాకు పెద్దది కొనాలనిపించింది. ఇప్పుడు నేనేది కొన్నా నాకోసం కొన్నట్టు ఎలా అవుతుంది?"

ఈ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇది బండ్ల ప్రశ్న కాదని మాత్రం అర్థమైంది. ఒక పని సరైనదే అయి, అదే పనిని మనచేత చేయించడానికి లోకం ఎప్పుడూ సిద్ధంగా ఉన్నప్పుడు, మనం దాన్ని ఎంచుకున్నామని ఎలా తెలుస్తుంది?

ముందు నేల సంగతి. తమ్ముడి మాటలో నిజమెంతో తేలాలి కదా.

గుడివాడ, బందరు, దివిసీమ, ఎటు చూసినా కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రే. పొలాల్లో నల్లమట్టి, తీరం దగ్గర పడేకొద్దీ ఉప్పు నేల, చివర ఇసక. ఎండాకాలం ఆ నల్లమట్టి చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ట్రాక్టరు చాళ్ళు గట్టిపడి రాయిలా ఉంటాయి. అప్పుడే బండీ అయినా వెళ్తుంది, కాకపోతే నడుం విరుగుతుంది. కాలవలకి నీళ్ళొదిలి దమ్ములు మొదలయ్యాక అదే మట్టి వేరే జంతువు. జారడం ఒక్కటే అయితే ఫర్వాలేదు, అది అంటుకుంటుంది. టైరుకి చుట్టుకుని, మడ్‌గార్డు కింద దూరి, మరో పొర మరో పొర పట్టి చివరికి చక్రాన్ని తిరగనివ్వదు. పుల్లతో గోక్కుంటూ కూర్చోవాలి. అక్కడ ఇంజను బలం ఎందుకూ పనికిరాదు. ఎంత ఎక్కువ తిప్పితే వెనక చక్రం అంత లోతుగా తన గొయ్యి తను తవ్వుకుంటుంది. గట్టు వెడల్పు చాలాచోట్ల ఒక బండి పట్టేంత. ఒక పక్క కాలవ, ఒక పక్క రొయ్యల చెరువు. వెనక్కి తిప్పుకోవాలంటే దిగి, బండిని ఒంటి మీద ఆనించుకుని, చక్రం ఎత్తి పక్కకి వెయ్యాలి. రెండు వందల కిలోల బండితో ఈ పని ప్రయత్నించినవాళ్ళకి ఈ తగువులో తీర్పు ఎప్పుడో తెలిసిపోయింది.

దివిసీమకి ఇదంతా కొత్త కాదు. అక్కడ తీర్పు టీవీఎస్ ఎక్సెల్‌కి ఇచ్చేశారు. వంద సీసీ లోపు, తొంభై కిలోల లోపు. ముందు కాళ్ళ దగ్గర రొయ్యల మేత బస్తా, వెనక ఇంకో బస్తా, దాని మీద మనిషి. తెల్లారుజామున పాల క్యాన్లు, మధ్యాహ్నం చేపల ట్రేలు, సాయంత్రం పచ్చగడ్డి మోపు. దిగబడితే ఇద్దరు పట్టి గట్టు మీద పెడతారు. పంటు ఎక్కించేటప్పుడు పలక మీద నడిపించుకుంటూ తీసుకెళ్తారు. 1980లో టీవీఎస్ 50 వచ్చినప్పటినుంచీ ఈ జాతి బళ్ళు డెల్టాలో ఎద్దుబండి చేసే పనిలో సగం చేస్తున్నాయి. ఏ పత్రికా దాన్ని సాహస వాహనం అని రాయలేదు. దాన్ని నడిపేవాడు రైతు, కూలీ, పాలవాడు కాబట్టి.

నేల ప్రకారం చూస్తే తమ్ముడిదే ఒప్పు.

కానీ ఆ వాక్యంలో "నీకు" అనే మాట ఉంది. "ఆ గట్టుకి చిన్నది చాలు" అనుంటే నా స్నేహితురాలు ఫోన్ చేసేది కాదు. "నీకు చాలు" అనేది మనం పుట్టినప్పటినుంచీ వింటున్న మాట. కోడిగుడ్డు సగం చాలు. డిగ్రీ ఊళ్ళో కాలేజీలో చాలు. అన్నయ్యకి గది కావాలి, నీకు వసారా చాలు. ఆ "చాలు" ఎక్కడా కోపంగా వినిపించదు. చాలా లాలనగా వస్తుంది. అందుకే దానితో దెబ్బలాడటం కష్టం. మెల్లగా అది మన నోట్లోకీ వచ్చేస్తుంది. ఎవరూ అడక్కముందే "నాకు చాలండీ" అంటాం. బస్సులో సగం సీటులో ఒదిగి కూర్చోవడం మనకెవరూ పాఠంగా చెప్పలేదు.

ఐరిస్ మారియన్ యంగ్ అనే అమెరికన్ తత్వవేత్త 1980లో ఆడపిల్లలు బంతి విసిరే తీరు గురించి ఒక వ్యాసం రాసింది. ఆడపిల్ల చేత్తో మాత్రమే విసురుతుంది, నడుమూ భుజమూ కాళ్ళూ అందులోకి తీసుకురాదు. తన ముందున్న ఖాళీ అంతా తనదే అని ఆమె శరీరం నమ్మదు. చెయ్యగలను అనుకుంటూనే చెయ్యలేనేమో అని తనని తనే పట్టి ఆపుకుంటుంది. ఇది ఎముకల్లో పుట్టింది కాదు, పెంపకంలో అలవాటైంది అంటుంది యంగ్. మనవాళ్ళలో స్కూటీ నేర్చుకునేటప్పుడు రెండు కాళ్ళూ నేలకి రాస్తూ అరకిలోమీటరు పోయే పెద్దమ్మాయిల్ని చూసినప్పుడల్లా నాకీ వ్యాసం గుర్తొస్తుంది. మగపిల్లాడు పన్నెండేళ్ళకే నాన్న బండి తాళం కొట్టేసి, పడి, మోచేయి చీరుకుని నేర్చుకుంటాడు. ఆ పడే హక్కు మనకి లేకపోయింది. ఆడపిల్ల మొహం మీద గాటు పడితే సంబంధాలు రావు కదా.

మార్కెట్ ఈ "చాలు"ని చక్కగా వాడుకుంది. 1990ల్లో స్కూటీ వచ్చింది. 2005లో హీరో హోండా ప్లెజర్ వచ్చింది, సరదా అంతా మగపిల్లలకేనా అని అడిగే ప్రకటనతో. బానే ఉంది. కానీ ఆ సరదాకి రంగు గులాబీ, సైజు వంద సీసీ, గేరు లేదు. ప్రభుత్వాలదీ అదే ఊహ. 2018లో తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి సగం ధర, గరిష్ఠంగా 25 వేలు రాయితీ ఇచ్చింది, 125 సీసీ మించని స్కూటర్లకి. ఆ పథకాన్ని నేను తప్పు పట్టను. ఆ స్కూటర్ల వల్ల ఎంతమంది బస్సుల్లో నలిగే బాధ తప్పించుకుని ఉంటారో నేను ఊహించగలను. ఆడమనిషి ప్రయాణం అంటే ఇల్లు, ఆఫీసు, బడి, బజారు అన్న లెక్క మాత్రం అందులో దాగి ఉంది. ఇంట్లోంచి బయల్దేరి ఎక్కడికీ వెళ్ళకుండా తిరిగే ఆడమనిషి ఏ పథకంలోనూ లేదు.

చట్టం మనల్ని బండి మీద ఎక్కడ కూర్చోబెట్టిందో తెలుసుకోవాలంటే వెనక చక్రం పక్కన చూడండి. మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం ప్రతి మోటారు సైకిల్‌కీ వెనక కూర్చున్నవాళ్ళకి పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం, వాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రంలో కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి. మనం శారీ గార్డు అంటాం దాన్ని. చీర కట్టుకుని ఒక పక్కకి తిరిగి కూర్చున్న ఆడమనిషి ఈ దేశపు బండి తయారీలో శాశ్వతంగా ఇనపకమ్మీ రూపంలో ఉంది. ఆ అడ్డు ఎంతో మంది ప్రాణాలు కాపాడింది, వద్దనను. అయితే సాహసయాత్రలకని బండి కొన్న కుర్రాళ్ళు చాలామంది షోరూం నుంచి రాగానే మొదట ఊడబీకేది దాన్నే. బరువట. చూడ్డానికి బావుండదట. అంటే బండి సాహసానికి సిద్ధమవడంలో మొదటి మెట్టు, వెనక కూర్చునే ఆడమనిషి ఆనవాలు తీసెయ్యడం.

ఇంకొక బండి కూడా ఉంది మన జిల్లాలో. అల్లుడి బండి. చేతక్, తర్వాత హీరో హోండా, తర్వాత పల్సర్, ఇప్పుడు బుల్లెట్. కట్నం నిషేధ చట్టం 1961లో వచ్చింది. బండి మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాది కొత్త మోడల్లో వస్తూనే ఉంది. ఎకరమో అరెకరమో అమ్మి తండ్రి కొంటాడు. పేరు అల్లుడిది, తాళం అల్లుడిది, పెట్రోలు కొన్నాళ్ళు మామగారిది. ఏ అమ్మాయి పేరు మీద ఆ పొలం రాయొచ్చో ఆ అమ్మాయి ఆ బండి వెనక, ఒక పక్కకి తిరిగి, ఒళ్ళో సంచీతో. పెద్ద బండి మీద నాకున్న అనుమానం అక్కణ్ణించి వచ్చింది. మా వైపు పెద్ద బండి అనగానే ఎన్ని సీసీలు అని కాక ఎంత ఇచ్చారు అని వినపడుతుంది నాకు.

అలాంటి బండిని ఒక ఆడమనిషి సొంత జీతంతో కొనుక్కుని ముందు సీట్లో కూర్చుంటే? అది తిరుగుబాటా, లేక వాళ్ళ కొలబద్దనే అరువు తెచ్చుకోవడమా? బుల్లెట్ నడిపే ఆడపిల్లల ఫొటోలు చూసినప్పుడు నాకు సంతోషమూ కలుగుతుంది, చిన్న చిరాకూ కలుగుతుంది. మగతనానికి గుర్తుగా తయారైన వస్తువుని ఎక్కితే తప్ప మన స్వేచ్ఛ ఎవరికీ కనపడదా అని. అయినా ఆ చిరాకుని నేను పూర్తిగా నమ్మను. అందులో "నీకు చాలు" గొంతు ఎంతుందో నాకు తెలీదు.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. షీలా రాణి చుంకత్ అక్కడ కలెక్టరుగా ఉన్నప్పుడు. పి. సాయినాథ్ ఆ కథని తన పుస్తకంలో రాశారు. అందులో ఒక చిన్న విషయం నాకు మిగతా అన్నిటికంటే బాగా గుర్తుండిపోయింది. లేడీస్ సైకిళ్ళు చాలక జెంట్స్ సైకిళ్ళ మీద నేర్చుకున్నారట. తర్వాత కొందరు జెంట్స్ సైకిలే కావాలన్నారట. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని. ఆడవాళ్ళకని లోకం తయారుచేసిన బండి చీర గురించి ఆలోచించింది. ఆ ఆడవాళ్ళు బిడ్డ గురించి, నీళ్ళ బిందె గురించి ఆలోచించారు. పెద్దదా, చిన్నదా, మగదా, ఆడదా అన్నది వాళ్ళకి పట్టలేదు. తమ పని ఏమిటో తమకి తెలుసు కాబట్టి.

ఫ్రెంచి విలేకరి ఆన్-ఫ్రాన్స్ దోత్‌విల్ కథ దీనికి ఇంకో వైపు. 1972లో పారిస్ నుంచి ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌కి వెళ్ళిన మోటారు సైకిళ్ళ బృందంలో 750 సీసీ మోటో గుజ్జీ మీద ఆమె వెళ్ళింది. వచ్చాక, ఆమె బండి నడపనేలేదు, లారీలో వచ్చింది అని గుసగుసలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది ఒంటరిగా ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరింది. ఈసారి 125 సీసీ కవాసకీ మీద. దాదాపు 20 వేల కిలోమీటర్లు. పెద్ద బండి మీద గుంపుతో వెళ్తే నమ్మలేదు, చిన్న బండి మీద ఒంటరిగా వెళ్ళింది. (షుమాకర్ 'స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్' వచ్చింది కూడా 1973లోనే. ఆ పుస్తకానికి దక్కిన పేరు ఆ చిన్న కవాసకీకి దక్కలేదు.) 2003లో బ్రిటన్‌కి చెందిన లోయిస్ ప్రైస్ అలాస్కా నుంచి అర్జెంటీనా కొస దాకా 225 సీసీ యమహా మీద వెళ్ళింది. తర్వాత లండన్ నుంచి కేప్‌టౌన్‌కి 250 మీద. సహారా దాటింది. వీళ్ళు చిన్న బండిని "నాకు చాలు" అని ఒదిగిపోయి ఎంచుకోలేదు. వెళ్ళాల్సిన దూరం చూసి, తోవ చూసి ఎంచుకున్నారు.

మగవాళ్ళ విషయంలో ఇది చాలా మామూలుగా జరుగుతుంది. పెద్ద బండి అమ్మేసి చిన్నది కొన్న మగాణ్ణి అనుభవజ్ఞుడు అంటారు. బరువు విలువ తెలిసినవాడు అంటారు. మొదటే చిన్నది కొన్న ఆడమనిషిని పాపం అంతే మోయగలదు అంటారు. ఒకే బండి, ఒకే గట్టు. అతని చిన్నబండి వివేకం, ఈమె చిన్నబండి పరిమితి. నా స్నేహితురాలిని కోపం తెప్పించింది ఇదేనని నాకు తర్వాత తట్టింది.

ఇంకో సంగతి, షోరూంకి వెళ్ళాకే తెలిసింది. (నేనూ వెళ్ళాను తోడు. అక్కడి అబ్బాయి మర్యాదగా కుర్చీలు వేసి, "సార్ వస్తున్నారా మేడమ్?" అని మూడుసార్లు అడిగాడు.) చిన్నదీ పెద్దదీ అని మనం అనుకుంటున్నవి ఒక కొలత కావు. హిమాలయన్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. ఎక్స్‌పల్స్‌దీ దాదాపు అంతే. బరువులో నలభై కిలోల తేడా ఉన్నా ఎత్తులో తేడా లేదు. రాళ్ళు తగలకుండా కింద ఖాళీ ఎక్కువ వదలాలి కాబట్టి సీటు ఎత్తవుతుంది అన్నాడు. సరే. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు సుమారు అయిదడుగులు. ఆ ఎత్తు మనిషికి ఆ సీటు మీద రెండు కాళ్ళూ మునివేళ్ళ మీద కూడా నేలకి ఆనవు. అంటే "చిన్న బండి" అని మనకి చూపించేది కూడా మన కొలతకి చిన్నది కాదు. ఒక మగ శరీరాన్ని మనసులో పెట్టుకుని, దానికి పెద్దది ఒకటీ చిన్నది ఒకటీ చేశారు. నిజంగా మన కాళ్ళు ఆనే బండ్లని రోడ్డు దిగకూడని బండ్లుగా చేశారు. ఎక్సెల్ ఒక్కటే ఈ రెండు పెట్టెల్లోనూ ఇమడదు.

ప్రభుత్వం కూడా ఒక గీత గీసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 18 శాతం, ఆపైన 40 శాతం. అంటే 350 దాటితే విలాసం. ఒక ఆడమనిషి ఇంటిఖర్చులోంచి మిగిల్చుకున్న డబ్బుకి ఇదొక గట్టి వాదనే.

ఇక లేపడం. గతుకుల్లో తిరిగేవాళ్ళందరూ ఒప్పుకునే సూత్రం ఒకటుంది. నువ్వు ఒక్కదానివే పడిన బండిని లేపలేకపోతే ఆ బండి నీకు వద్దు. మట్టిలో బండి పడి తీరుతుంది, అది తప్పు కిందికి రాదు. వినగానే ఇది నాకు చాలా నచ్చింది. స్వేచ్ఛకి ఇంతకంటే శుభ్రమైన కొలత ఏముంటుంది? ఎవరి మీదా ఆధారపడకుండా తిరిగి లేచి వెళ్ళగలగడం.

తర్వాత రెండు సందేహాలు వచ్చాయి. ఒకటి, లేపడం బలం ఒక్కదాని పని కాదు. బండి వైపు వీపు పెట్టి, సీటు అంచుకి నడుం ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో వెనక కమ్మీ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. బరువు కాళ్ళు మోస్తాయి, చేతులు కాదు. ఇలా అయిదడుగుల మనుషులు రెండు వందల కిలోల బండ్లు లేపుతారు, గట్టి నేల అయితే. మన బురదలో కాలు జారుతుంది, అది వేరే. మొత్తానికి "లేపలేదు" అన్న తీర్పులో "ఎవరూ నేర్పలేదు" అన్నది చాలా భాగం. హైదరాబాద్‌లో జయభారతి అనే మోటారు సైకిలిస్టు, 2018లో మరో ముగ్గురు ఆడవాళ్ళతో ఆగ్నేయాసియా దేశాల మీదుగా బండ్ల మీద వెళ్ళొచ్చాక, మోవో అనే సంస్థ పెట్టి ఆడవాళ్ళకి బండి నేర్పడం మొదలుపెట్టింది. అన్ని దేశాలు తిరిగొచ్చిన మనిషి చేసిన పని ఇంకా పెద్ద బండి కొనడం కాకుండా, స్కూటర్ బాలెన్స్ చెయ్యడం నేర్పడం కావడం నాకు చాలా అర్థవంతంగా కనపడింది.

రెండో సందేహం ఆ సూత్రం మీదే. ఒంటరిగా లేపడం ఎందుకంత గొప్ప? ఎదురుమొండి పంటు మీద ఎక్కేటప్పుడు ఎవరి బండినీ ఎవరూ ఒంటరిగా ఎక్కించరు. ముందువాడు పట్టుకుంటాడు, వెనకవాడు తోస్తాడు. గట్టు మీద ఎక్సెల్ దిగబడితే పక్క చేలో నాట్లేస్తున్నవాళ్ళు వచ్చి పడతారు, రెండు మాటలు అంటారు, లేపుతారు, వెళ్తారు. ఎవరి సాయమూ అక్కర్లేని ఒంటరి యాత్రికుడు అనే ఆ బొమ్మ వెనక, అతను తిరిగొచ్చేదాకా ఇంట్లో పిల్లల్నీ అత్తమామల్నీ చూసుకునే మనిషి ఒకరుంటారు. అతని బండి అతనే లేపుకుంటాడు నిజమే, అతని కంచం ఎవరు లేపుతున్నారు? కాబట్టి ఆధారపడకపోవడం అనే దాన్ని నేను అంత సులువుగా ఆదర్శం చేసుకోలేను.

అయితే నాట్లేసేవాళ్ళు ఇంటికి వెళ్ళిపోయాక? చీకటి పడ్డాక ఒక ఆడమనిషి బండి గట్టు మీద పడితే సాయానికి వచ్చేది ఎవరో, ఆ సాయానికి ధర ఏమిటో మనకి తెలీదు. మగాడికి రాని ఈ లెక్క మన బండి బరువులో కలుస్తుంది. సాయం తీసుకోవడం వేరు, సాయం కోసం ఎవరొస్తే వాళ్ళకి లొంగి ఉండాల్సి రావడం వేరు. నేను ఆ సూత్రాన్ని ఇలా మార్చుకుంటాను: ఇష్టం లేనప్పుడు ఎవరినీ పిలవక్కర్లేని బరువు. అది ఒక్కొక్కరికి ఒక్కో అంకె అవుతుంది. ఆ అంకె సిగ్గుపడాల్సింది కాదు, పెంచుకోలేనిదీ కాదు.

సాహసం అన్న మాట గురించి కూడా కొంచెం చెప్పాలి. శీతాకాలపు ఆదివారాల్లో హంసలదీవి, పాలకాయతిప్ప వైపు పెద్ద బండ్లు వస్తాయి. ఇసకలో చక్రాలు తిప్పి, ఫొటోలు తీసుకుని వెళ్తారు. ఆ తీరంలోనే శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఇసక కింద ఏముందో చూసుకోని సాహసం నాకు రుచించదు. అది ఎన్ని సీసీలదైనా సరే. అదే దారిలో, వానాకాలంలో, రాత్రి పది గంటలకి, నొప్పులొస్తున్న మనిషిని ఆస్పత్రికి పంపడానికి ఆశా కార్యకర్త ఎవరి ఎక్సెల్ వెనకో కూర్చుని వెళ్తుంది. గిలకలదిండి రేవు నుంచి చేపలు తీసుకుని తెల్లవారకముందే బయల్దేరే ఆడవాళ్ళున్నారు. వాళ్ళకి గట్టు, బురద, చీకటి అన్నీ ఉన్నాయి. సాహసం అన్న పేరొక్కటే లేదు. ఎందుకంటే తిరిగి వచ్చాక చెప్పుకోవడానికి తీరికుంటేనే అది సాహసం అవుతుంది.

1977 నవంబర్ 19 మా తరానికి ఒట్టి తేదీ కాదు. ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు పది వేలమంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటికి ఈ ఊళ్ళలో బండ్లు ఎన్నుంటాయి, ఉన్నా ఆ నీళ్ళ ముందు ఏం చేస్తాయి. ఇప్పుడు హెచ్చరికలు రోజుల ముందే వస్తున్నాయి, తుపాను షెల్టర్లున్నాయి, ప్రతి ఇంటి ముందూ బండి ఉంది. కానీ మగవాడు వలసపోయి, వేటకెళ్ళి, లేదా ఊరికే తాగి పడి ఉంటే, ఆ బండి తాళం తీసుకుని ముసలమ్మనీ పిల్లల్నీ ఎక్కించుకుని బయల్దేరగల ఆడమనిషి ఎన్ని ఇళ్ళలో ఉంది? 1991 బంగ్లాదేశ్ తుపానులో చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళే చాలా ఎక్కువ. ఇంట్లో మగవాడి కొలతకి కొన్న పెద్ద బండి ఉండి, దాన్ని స్టాండు కూడా తియ్యలేని ఆడవాళ్ళుంటే, ఆ బండి ఆ ఇంటిది అనడం నాకు ఒప్పుదల కాదు. ఇంట్లో ఒకటే బండి కొనగలిగితే అది ఆ ఇంట్లో అందరికంటే పొట్టి మనిషి నడపగలిగేది అయ్యుండాలి. ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు.

నా స్నేహితురాలికి నేను చెప్పింది ఇంతే. ముందు పెద్దది ఎక్కి చూడు. ఒక పూట, ఎవరైనా తెలిసినవాళ్ళది అడిగి, ఖాళీ మైదానంలో. పడెయ్యి. లేపడం నేర్చుకో. ఆ తర్వాత వద్దనుకుంటే అది నీ మాట అవుతుంది. ఎక్కి చూడకుండా చిన్నది కొంటే తమ్ముడి మాట, ఎక్కి చూడకుండా పెద్దది కొన్నా తమ్ముడి మాటే.

రెండు ఆదివారాలు బందరులో ఒక స్నేహితుడి హిమాలయన్ మీద తిరిగింది. నాలుగుసార్లు పడింది. మూడుసార్లు లేపింది, నాలుగోసారి స్నేహితుణ్ణి పిలిచింది. హైవే మీద అది ఎంత హాయిగా ఉందో చెబుతుంటే తన గొంతు మారిపోయింది. కొండలకి వెళ్ళినప్పుడు అలాంటిదే అద్దెకి తీసుకుంటానంది. గట్లకి మాత్రం వద్దంది. పాత ఎక్స్‌పల్స్ ఒకటి తక్కువలో దొరికితే కొని, సస్పెన్షన్ కొంచెం దించి, సీటు చెక్కించి, ఎడమ కాలు పూర్తిగా ఆనేలా చేయించుకుంది. రిజిస్ట్రేషన్ తన పేరు మీదకి మార్పించుకుంది. మెకానిక్కు బండి ఇస్తూ శారీ గార్డు ఎలాగూ అడ్డమే, తీసేస్తాను మేడమ్ అన్నాడట. తియ్యమనే అనబోయిందట. ఈలోగా వాళ్ళమ్మ, డెబ్భై రెండేళ్ళావిడ, మొదటి ట్రిప్పు హంసలదీవికే అయితే తనూ వస్తానంది. ఆవిడ చీర తప్ప ఇంకోటి కట్టదు.

గార్డు ఉంచేశారు.